నాలుగు మీటర్ల నడక

“బస్సేమీ తప్పిపోదు మాస్టారూ. ఇంట్లో ఎలా నడుస్తారో అలాగే నడవండి,” అన్నాడు అటెండరు. ఇరవై రెండేళ్లుగా అందరికీ చెప్పే మాటే అది.

రిటైరైన డ్రిల్లు మాస్టారు ఎర్ర టేపుకు బొటనవేళ్లు ఆనించి నిలబడ్డారు. ఆసుపత్రి వరండాలో అలాంటి టేపులు రెండు, మధ్య నాలుగు మీటర్లు. మతిమరుపు పరీక్షకు వచ్చిన పెద్దవాళ్లను ముందు ఇక్కడే నడిపిస్తారు. బుర్రలో తేడా వస్తే ఒక్కోసారి మాటకంటే ముందే నడకలో బయటపడుతుందని డాక్టరుగారు చెబుతుంటారు. నర్సు స్టాప్‌వాచ్ నొక్కుతుంది. ఎవరైనా తూలితే పట్టుకోవడానికి అటెండరు తోడు నడుస్తాడు.

అటెండరు ఒకప్పుడు కాలికి చక్రాలు కట్టుకున్నట్టు తిరిగిన మనిషి. డ్యూటీకి రాగానే చెప్పులు విడిచి, చప్పుడు చేయని గుడ్డ బూట్లు తొడుక్కుంటాడు. ఈమధ్య ఇరవై నిమిషాల ఇంటిదారి నలభై అవుతోంది. భార్య అడిగితే టీ కొట్టు దగ్గర ఆలస్యమైందంటాడు. ఆ కొట్టు మూతపడి ఏడాదైంది. ఆ సంగతి ఆవిడకు తెలుసు, అతనికే గుర్తులేదు. ఆవిడ మాత్రం తెలియనట్టే అన్నం వడ్డిస్తుంది.

మాస్టారికి ఏడు సెకన్లు పట్టింది. నర్సు మొహం చిట్లించింది. ఈ నెల వచ్చినవాళ్లందరూ ఒక్కసారే నెమ్మదించారేమిటని పొద్దున్నే డాక్టరుగారు కాగితాలు వెనక్కి పంపారు. వాచీలో బ్యాటరీ మార్చినా అదే వరస. మాస్టారిని మళ్లీ నడిపించి, ఈసారి వాచీ మానేసి మనుషుల్ని చూసింది. అటెండరు ముందు నడుస్తున్నాడు. వెనక మాస్టారు, దారి చూపే మనిషిని దాటిపోవడం మర్యాద కాదని, అడుగు కుదించి నడుస్తున్నారు.

“మాస్టారూ, ఒక్కరే ఓసారి నడవండి.”

నాలుగు సెకన్లు కూడా పట్టలేదు.

ఆయన వెళ్లాక నర్సు మెల్లగా అంది: “బాబాయ్, ముందు నడిస్తే వాళ్లు మన నడకే నడుస్తారు, అరడుగు వెనకే ఉండాలి అని నేను చేరిన రోజు చెప్పింది నువ్వే కదా.”

 ఎంత వెతుక్కున్నా అటెండరుకు ఆ మాట తాను అన్నట్టు గుర్తురాలేదు. వెళ్లి ఎర్ర టేపుకు బొటనవేళ్లు ఆనించి నిలబడ్డాడు.

“నన్నూ కొలువమ్మా.”

నడిచాడు. నర్సు వాచీ చూసి, పైకి చదవలేదు.

“ఇంకోసారి నడుద్దాం బాబాయ్.”

“మూడోసారి నడిచినా అదే వస్తుందమ్మా. ఎంతమందిని చూడలేదు?”

పనికి రావద్దని అతనితో ఎవరూ అనలేదు. మంగళవారం పరీక్షలు చేద్దామని, అప్పటిదాకా ఎవరితోనూ నడవొద్దని మాత్రం డాక్టరుగారు భుజం మీద చెయ్యివేసి చెప్పారు. మంగళవారం వస్తాడు, కానీ చీటీ పట్టుకుని బెంచీ మీద కూర్చోవడానికి. వరండా తాళాలు నర్సు చేతిలో పెట్టేటప్పుడు అతనికి ఏడుపొచ్చింది, దగ్గుతో కప్పేసుకున్నాడు.

నర్సు ఫోన్ చేస్తే సాయంత్రం భార్య వచ్చింది. “పదండి, పోదాం,” అంది, అంతే. అతను చెప్పులేసుకుని గేటు వైపు నడిచాడు. ఎవరూ నేర్పకుండానే ఆవిడ అతనికి అరడుగు వెనక నడిచింది. నర్సు కళ్లు తుడుచుకుని లోపలికి తిరిగింది.

బెంచీ కింద, ఎర్ర టేపు పక్కన, మడమలు అరిగిన గుడ్డ బూట్లు రెండూ లేసులు విప్పకుండానే ఉన్నాయి.