పది రోజుల రజా

యాకూబు పల్టన్ నుంచి పది రోజుల రజా దొరికి సెలవు మీద ఇంటికి వచ్చేసరికి రాజమణి గడప పక్కన కూర్చుని గుడ్డ మీద ద్రాక్షతీగ కుడుతోంది. వీధిలో బూట్ల చప్పుడు వినబడింది. ఎల్లారెడ్డిలో వాళ్ళ వాడకు బూట్లేసుకుని వచ్చేది శిస్తు లెక్కలు చూసే గిర్దావరు, లేకపోతే పోలీసు జవాను. ఎవరొచ్చినా మంచికి రారు. అందుకని ఆమె మొదట చేసిన పని ఒళ్ళోని గుడ్డను మడిచి పాత చీర ముక్కలో చుట్టేయడం. తలెత్తి చూస్తే ఎదురుగా మొగుడు.

"నన్ను చూసి గుడ్డ దాపెట్టుకుంటున్నవా?" అని నవ్వాడు యాకూబు.

నాలుగేళ్ళ సత్తెమ్మ తండ్రిని గుర్తుపట్టక తల్లి వెనక నక్కింది. లోపలి నుంచి యాకూబు తల్లి సాలవ్వ పరుగెత్తుకొచ్చి కొడుకు చెంపలు నిమిరి ఏడ్చింది. 1941, యాసంగి నాట్ల కాలం. అతను పల్టన్‌లో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. ఈ రజా అయిపోగానే ఓడెక్కించి సముద్రం అవతలికి పంపుతారని అన్నం తింటూ చెప్పాడు. ఎక్కడికో అతనికీ తెలియదు.

అంతకు ముందు యాకూబు పటేలు ఇంట్లో జీతగాడు. దౌరా మీద వచ్చే అధికారుల సామాను ఊరి నుంచి ఊరికి వెట్టికి మోసేవాడు. ఒకనాడు రాజంపేట దాకా మోసుకుపోయిన పెట్టె దించడం ఆలస్యమైందని నలుగురిలో తన్నులు తిన్నాడు. ఆ వారమే కామారెడ్డి స్టేషన్ దగ్గర పల్టన్‌లోకి భర్తీ జరుగుతోందని విని ఇంట్లో చెప్పకుండా పోయి పేరు రాయించుకున్నాడు. సిపాయి ఇల్లు కదా అని పటేలు ఆ ఇంటివాళ్ళను వెట్టికి పిలవడం మానేశాడు.

రాజమణి పుట్టిల్లు కామారెడ్డి. ఆమె తల్లి మిషన్ బంగళాలో నీళ్ళు మోసేది. ఆ బంగళా బడిలోనే రాజమణి ఐదో తరగతి దాకా చదివింది, కుట్టు నేర్చింది. మిషన్ దొరసాని నేర్పిన ఆ పనిని అక్కడి ఆడపిల్లలు సిలువ కుట్టు అనేవాళ్ళు. ముతక గుడ్డ పోగులు లెక్కపెట్టి, దారాన్ని ఏటవాలుగా ఒకసారి, దాని మీదుగా ఎదురు వాలుగా ఇంకోసారి వేస్తే ఒక చిన్న సిలువ అవుతుంది. వందలు చేరితే ఆకు, వేలు చేరితే పిట్ట. పైపోగులన్నీ ఒకే వైపు వాలాలి. ఒక్కటి తిరగబడినా దొరసాని గోటితో చూపించి విప్పించేది.

ఇప్పుడు రాజమణి చేతిలో ఉన్నది పన్నెండు మంది కూర్చునే బల్ల మీద పరిచే గుడ్డ. ఈస్టరుకు పట్నం నుంచి మిషన్ పెద్ద దొర వస్తున్నాడు. ఆయన భోంచేసే బల్ల మీదికి అది కావాలి. గుడ్డ, దారం, గళ్ళ కాగితం మీద గీసిన నమూనా చేతికిస్తూ దొరసాని చెప్పింది: "ఇది ఆయనకు నచ్చితే ఆడపిల్లల బోర్డింగులో కుట్టు పంతులమ్మ నౌకరి నీకు ఇప్పిస్తాను. ఉండటానికి గది కూడా ఇస్తారు."

ఆ మాట విన్నప్పటి నుంచి రాజమణికి రోజు చాలడం లేదు. పొద్దున్నే నాట్లకు పోయేది. ఎండ నడినెత్తి దాటాక తిరిగొచ్చి, గోళ్ళలో బురద పోయేదాకా బూడిదతో, కుంకుడు నురగతో చేతులు తోమేది. కారం నూరితే ఆ పూట గుడ్డ ముట్టేది కాదు. పసుపు మరక పడితే ఇక పోదు. దీపం వెలుతుర్లో రెండు పచ్చరంగులు ఒకటిగానే కనబడతాయి కనుక పొద్దుగూకితే కుట్టు లేదు. మిగిలేది మధ్యాహ్నం రెండు మూడు గంటలు. సత్తెమ్మకు గుప్పెడు చింతగింజలిచ్చి దూరంగా కూర్చోబెట్టేది. ఒకసారి ఆ పిల్ల బెల్లం చేత్తో గుడ్డ అంచు పట్టుకుంటే లాగి చెంప మీద కొట్టింది. కొట్టాక గుడ్డకేమైందో చూసింది గానీ పిల్లను చూడలేదు. అది సాలవ్వ కంటబడింది.

మొగుడు వచ్చాడని నాట్లు మానుకోగలిగింది గానీ గుడ్డ మానుకోలేకపోయింది. వచ్చిన రెండో రోజు యాకూబు తన రేకు పెట్టె తెరిచి కాగితం పొట్లం ఒకటి ఆమె ఒళ్ళో వేశాడు. పల్టన్ దగ్గరి లష్కర్ బజారులో కొన్న దారపు లచ్చీలు. చిలకపచ్చ రంగు, ధగధగా మెరుస్తున్నాయి.

"నీ కుట్టుకని తెచ్చిన."

రాజమణి ఒక లచ్చి విప్పి గుడ్డ పక్కన పెట్టి చూసింది. "ఇది కలవది. దొరసాని ఇచ్చిన పచ్చ వేరే."

"పచ్చంటే పచ్చే కద?"

"కాదు. తేడా తెలుస్తది."

యాకూబు ఆ పొట్లం మళ్ళీ మడిచి పెట్టెలో పెట్టుకున్నాడు. తీసుకుని దాచుకుని ఉంటే సరిపోయేదని ఆమెకు ఆ తరువాత తోచింది. అప్పుడు మాత్రం లెక్క తప్పుతానేమోనన్న భయమే ఉంది.

ఆరో రోజు మధ్యాహ్నం అతను హుషారుగా ఇంట్లోకొచ్చాడు. "ఎల్లుండి పోచన్న బండి ఇస్తనన్నడు. నిజాంసాగర్ పోదం. కాలువకు నీళ్ళు ఇడిచిండ్రట. పోరికి చూపిద్దం. పొద్దుగాల పోతే మాపటికి రావచ్చు."

"ఇప్పుడొద్దు," అంది రాజమణి గుడ్డ మీంచి కళ్ళెత్తకుండా. "ఇంక రెండు పిట్టలు, మూల తీగ ఉన్నయి."

"ఒక్క దినమే కదనే."

"ఒక్క దినమంటే పిట్టల సగం. మళ్ళొచ్చినప్పుడు పోదం."

యాకూబు గోడకానుకుని నిలబడ్డాడు. "ఆ బల్ల మీద కూసొని ఎవలు తింటరు?"

"పెద్ద దొర."

"నువ్వు నేను తినం కద. మరి గంత ఆరాటమేంది? నేను జీతం పంపుతలేనా?"

అప్పుడు రాజమణి సూది గుడ్డకు గుచ్చి తలెత్తింది. ఎన్నాళ్ళుగానో లోపల నలుగుతున్న మాట ఒక్కసారిగా బయటికొచ్చింది. "పంపుతున్నవ్. నువ్వు రాకపోతే? లడాయికి పోయినోళ్ళందరు తిరిగొస్తరా? నువ్వు రాకపోతే నేను, ఈ పోరి ఎవల వాకిట్ల పడాలె? మళ్ళ పటేలు గడికేనా? గందుకే నాకు నౌకరి కావాలె."

వాకిట్లో వడ్లు చెరుగుతున్న సాలవ్వ చేట ఆగిపోయింది.

"విన్నవా కొడుకా? నువ్వు సచ్చినంక ఏం జెయ్యాల్నో నీ పెండ్లాం ఇప్పుడే చూసుకుంటున్నది."

"ఊకో అవ్వా," అన్నాడు యాకూబు.

అతను కోప్పడలేదు. కాసేపు బయటికి పోయి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. "సూదిల దారం ఎక్కియ్యాల్నా?" అని అడిగాడు. మోట పట్టిన చేతులు, తుపాకి పట్టిన చేతులు. మొదటి రోజు దారం కొన ఉమ్మితో తడిపి తడిపి విసిగిపోయాడు. మర్నాటికి అలవాటైంది. ఆమె ఒక సూది దారం అయిపోగొట్టేలోగా మూడు సిద్ధం చేసి పెట్టేవాడు. నిజాంసాగర్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఇద్దరి మధ్య మాటే లేకుండా పోయింది. అరిచినా, గుడ్డ లాగి అవతల పారేసినా బాగుండునని రాజమణికి అనిపించేది. అతను అట్లా తలొంచుకుని దారాలు ఎక్కిస్తూనే ఉండేవాడు. అయినా ఆమె కుట్టడం ఆపలేదు.

పదో రోజు పొద్దున రాజమణి అత్తతో కలిసి మోటారు బస్సు దగ్గరికి అతన్ని సాగనంపడానికి పోయింది. సాలవ్వ కొడుకు చేయి వదలడం లేదు. మోటారు కదిలే ముందు అతను రాజమణిని పక్కకు పిలిచాడు.

"నువ్వన్నది తప్పు కాదు," అన్నాడు. "కని అనకుంట ఉండాల్సింది."

అతను ఎక్కగానే మోటారు కదిలింది.

నాలుగు రోజులకు గుడ్డ పూర్తయింది. రాజమణి దాన్ని రెండు చీరల మధ్య మడిచి కామారెడ్డి తీసుకుపోయింది. దొరసాని బల్ల మీద పరిచింది, తిరగేసి వెనక వైపు చూసింది. "వెనక కూడా ముందులాగే శుభ్రంగా ఉంది రాజమణీ. ఇంత బాగా నేను కూడా కుట్టలేను," అంది.

ఈస్టరు అయ్యాక వారానికి మళ్ళీ పోయింది. దొరసాని ఆమెను అరుగు మీద కూర్చోమని, మంచినీళ్ళిప్పించి, నెమ్మదిగా చెప్పింది. "పెద్ద దొరకు గుడ్డ చాలా నచ్చింది. పట్నానికి తీసుకుపోయారు. నౌకరి మాత్రం దిక్కులేని విధవలకే ఇవ్వాలన్నారు. దోమకొండ నుంచి ఒకామె వచ్చింది. నీకు భర్త ఉన్నాడు, జీతం వస్తోంది. దేవునికి కృతజ్ఞత చెప్పుకో."

"ఈ మాట ముందుగాల చెప్పలేదు కద దొరసానమ్మా."

"ముందు నాకూ తెలియదు."

రాజమణి నీళ్ళు తాగి చెంబు బోర్లించి వచ్చేసింది. ఇంట్లో సాలవ్వ సంగతంతా విని ఏమీ తిట్టలేదు. "పది దినాలు," అంది. ఆ రోజుకు ఆ రెండు మాటలే.

వానలు మొదలయ్యాక మలయా నుంచి టప్పాలో ఉత్తరం వచ్చింది. ఎవరో తోటి సిపాయి చేత రాయించాడు. ఇక్కడ ఎప్పుడూ వానే, చెట్లకు గాటు పెట్టి పాలు పట్టి రబ్బరు చేస్తారు, అవ్వ కాళ్ళ నొప్పులు ఎట్లున్నయి, సత్తెమ్మ నన్ను యాది చేస్తున్నదా. చివరన, గుడ్డ నచ్చిందా, నౌకరి వచ్చిందా అని ఉంది.

రాజమణి జవాబు రాయడానికి కూర్చుంది. అతని పది రోజులు వృథా పోయాయని రాయడానికి చేయి రాలేదు. "నౌకరి వచ్చింది. పిల్లలు మాట వింటున్నారు," అని రాసింది.

దానికి జవాబు దసరా దాటాక వచ్చింది. రాజమణి అత్తకు చదివి వినిపించింది గానీ మధ్యలో ఆగి ఆగి చదివింది. సాలవ్వకు అనుమానం వచ్చి ఉత్తరం పట్టుకుని వాడలో ప్రార్థనలు నడిపే ఉపదేశి అబ్రాహాము దగ్గరికి పోయింది. ఆయన అంతా చదివాడు. "నా పెండ్లాం పంతులమ్మ అయిందని మా బారకుల అందరికి చెప్పిన. ఆ దినాల నువ్వు కుట్టుడే మంచిగైంది. నా మనసుల ఏం లేదు."

సాలవ్వ వాకిట్లోనే నిలబడి అడిగింది. "నా కొడుక్కు అబద్ధం రాసినవా?"

"నిజం రాస్తే ఏమొస్తది అత్తా? పరాయి దేశంల కూసొని బాధపడుడే కద."

"మొగనికి అబద్ధం రాసే చెయ్యి దేవుని మనిషి బల్లకు గుడ్డ కుట్టింది," అంది సాలవ్వ.

మాఘంలో ఒక మధ్యాహ్నం అబ్రాహామే ఇంటికి వచ్చాడు. చేతిలో ఇంగ్లీషు కాగితం. ఆయన నిలబడిన తీరు చూసే రాజమణికి అర్థమైంది. క్రిస్మస్‌కు ముందే, మలయాలో లడాయి మొదలైన వారంలోనే యాకూబు చనిపోయాడు. కాగితంలో అతని నంబరు, తారీఖు ఉన్నాయి. ఎట్లా చనిపోయిందీ, ఎక్కడ పూడ్చిందీ లేదు.

సాలవ్వ ఏడుపు వాడంతా వినబడింది. అది ఆగాక కోడలి వైపు తిరిగింది.

"నీ నోటితోని నువ్వే అన్నవు."

రాజమణి ఏడవలేదు. ఆ మాట తరువాత ఏడ్చే హక్కు తనకు లేదనిపించింది. సత్తెమ్మను ఎత్తుకుని ఇంటి వెనక్కి పోయి, పిల్ల భుజం మీద మొహం పెట్టుకుని నిలబడింది.

సిపాయి పోయాడన్న సంగతి గడిదాకా పోయింది. ఎండాకాలంలో పటేలు మనిషి వచ్చి, గడిలో పెళ్ళి ఉంది, పిండి విసరడానికి రేపు వెట్టికి రావాలని చెప్పిపోయాడు. రాజమణి పోయింది. మూడు రోజులు తిరగలి ముందు కూర్చుంది. చేతుల నిండా బొబ్బలు.

ఆ బొబ్బలు మానకముందే మిషన్ దొరసాని ఎల్లారెడ్డి వచ్చింది. ప్రార్థన చేసి, సత్తెమ్మ తల నిమిరి చెప్పింది. దోమకొండ ఆమె మళ్ళీ పెళ్ళి చేసుకుని పోయింది. నౌకరి ఖాళీగా ఉంది.

"ఇప్పుడు అది నీకు వస్తుంది రాజమణీ. ఇక ఏ అడ్డూ లేదు."

"అడ్డు నా మొగుడే కద దొరసానమ్మా," అంది రాజమణి.

దొరసాని ఎర్రబడి కళ్ళు దించుకుంది. రాజమణికి ఆమెను వెళ్ళిపొమ్మనాలని ఉంది. ఆ నౌకరి వద్దని, ఆ గదిలో అడుగు పెట్టనని చెప్పాలని ఉంది. తన అరచేతులు చూసుకుంది. వాకిట్లో ఆడుతున్న కూతుర్ని చూసింది. ఇంకో ఏడెనిమిదేళ్ళకు ఆ పిల్లను కూడా గడికి పిలుస్తారు.

"ఎప్పుడు రావాలె?" అని అడిగింది.

రాజమణి పిల్లతో కామారెడ్డి బోర్డింగుకు బయలుదేరితే సాలవ్వ వెంట పోనంది. "నా కొడుకు పానం మీద వచ్చిన కూడు నేను ముట్ట," అని తలుపేసుకుంది. వానలు సరిగా పడలేదు, నాట్లు లేవు, చూపు మందగించిన ముసలామెను ఎవరూ కూలికి పిలవలేదు. నెలన్నర గడిచాక అబ్రాహాము ఆమెను బండి మీద కామారెడ్డి తెచ్చి దింపిపోయాడు. రాజమణి ఏమీ అనకుండా నీళ్ళు కాచి అత్త కాళ్ళు కడిగింది. సాలవ్వ పెట్టింది తిన్నది. కోడల్ని మాత్రం పేరు పెట్టి పిలవలేదు, ఆ తరువాత ఎన్నడూ పిలవలేదు.

మరుసటి ఏడాది ఒక మధ్యాహ్నం బోర్డింగు అరుగు మీద పద్నాలుగు మంది ఆడపిల్లలు వరసగా కూర్చుని పోగులు లెక్కపెడుతున్నారు. రాజమణి ఒక్కొక్కరి గుడ్డ వంగి చూస్తోంది. తన పిల్లను బడిలో వేయడానికి వచ్చిన ఎవరో ఆడమనిషి, మెట్ల దగ్గర ఎండకు కూర్చున్న సాలవ్వను పలకరించింది.

"ఏ ఊరవ్వా నీది? ఈడ ఎవరున్నరు నీకు?"

"ఎల్లారెడ్డి. సిపాయి తల్లిని," అంది సాలవ్వ. "నా మనుమరాలు ఈడ చదువుతది."

"మరి ఆమె నీకేమైతది?" ఆడమనిషి రాజమణి వైపు చూపించింది.

"ఆమె పంతులమ్మ."

రాజమణికి వినబడింది. ముందున్న పిల్ల గుడ్డలో ఒక కుట్టు తిరగబడి ఉంది. "ఇది విప్పు బిడ్డా," అని చెప్పి పక్క పిల్ల దగ్గరికి జరిగింది.