పైన ఉన్నవారు

రాడార్ కిరణాలు సోకిన ఆడదాని కడుపు నిలవదన్న సంగతి హావ్‌డా దగ్గరి సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో అందరికీ తెలుసు. ఎలా తెలుసునని అడిగితే ఒకరు పొరుగింటివాళ్లను చూపిస్తారు. ఆ పొరుగింటివాళ్లు వైమానిక దళంలో పనిచేసే ఒక బావమరిదిని చూపిస్తారు. ఆ బావమరిదిని మాత్రం ఎవరూ చూసి ఎరగరు. విశ్వవిద్యాలయం మేడమీద ఉన్న పళ్లెంలాంటి యాంటెనా ఎదుట వాలిన కాకి వాలినచోటే మాడి మసైపోయిందని కూడా చెప్పుకుంటారు. ఆ విశ్వవిద్యాలయంలో పనిచేసే అప్పాయమ్మకు మూడేళ్లలో రెండుసార్లు గర్భం పోయాక, ఈ మాటకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

ఎనభై ఏడులో ఒక ఆదివారం ఉదయం అప్పాయమ్మ కింది కుళాయి దగ్గర పట్టిన ఏడో బకెట్టును రెండో అంతస్తుకు మోసుకొచ్చి వంటింటి గడప దగ్గర దించింది. అత్తగారు నారాయణమ్మ పీట మీద కూర్చుని తోటకూర ఒలుస్తోంది.

"ఒలే కోడలా, మీ నాన్న వొచ్చే ఏళయింది. ఆ కాయితం మీద సంతకం ఎట్టీసినావేటి?"

"ఇంకా లేదత్తా."

"ఇంకా ఏటి లేదు? రెండు పేణాలు మింగీసినాయి ఆ కిరణాలు. రేపు మూడోది పడితే దాన్ని కూడా ఒప్పసెప్పీస్తావేటి?"

ఆ కాగితం రాజీనామా పత్రం. రైల్వే కార్యాలయంలో గుమాస్తాగా ఉన్న ఆమె భర్త సత్యారావు గురువారం నాడు మంచి ఇంగ్లీషులో, తన చేత్తోనే రాశాడు. కారణం అన్నచోట గృహ పరిస్థితులని పెట్టి, అడుగున ఆమె సంతకానికి చోటు వదిలాడు. "నేనే రాసేశాను, నీకు శ్రమ లేకుండా" అన్నాడు. ఈ ఇంట్లో ఆమెకు శ్రమ తప్పించాలని ఆయనకు తోచింది ఆ ఒక్కసారే కనుక, ఆ మాట ఆమెకు బాగా గుర్తుండిపోయింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ రెండోసారి పరీక్షించాక, రోజుకు ఎన్ని బకెట్ల నీళ్లు మోస్తావని అడిగింది. అదే కారణమని ఆవిడ అనలేదు. కారణం తేలడం లేదనే చెప్పింది. అడిగింది మాత్రం నిజం. అయితే డాక్టరమ్మ ప్రశ్నను క్వార్టర్లలో ఏ ఇంటికీ ఎవరూ మోసుకుపోలేదు. మరునాటినుంచి బకెట్లు మోసింది కూడా అప్పాయమ్మే.

కిరణాల సంగతి ఆమె కంటే ఎక్కువ తెలిసినవాళ్లు ఆ క్వార్టర్లలో లేరు. భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ చేసి ఆరేళ్ల కిందట ఆ రాడార్, మైక్రోవేవ్ పరిశోధక బృందంలో సహాయకురాలిగా చేరింది. చేరిన రోజున మిగతావాళ్లతో పాటు మేడమీదికి బయల్దేరింది. మెట్ల తలుపు పైన ఎర్రదీపం వెలుగుతోంది. అది వెలిగితే పైన కిరణాలు ప్రసారమవుతున్నాయని అర్థం. తనకంటే రెండేళ్లు చిన్నవాడైన తపన్ అనే పరిశోధక విద్యార్థి తలుపుకు అడ్డంగా చేతులు చాపి, "దీదీ, ఉపరే జాబేన్ నా" అన్నాడు. పైకి వెళ్లొద్దని. ఆచార్య సన్యాల్ గారు ఆమెను పక్కకు పిలిచి ఎంతో మృదువుగా, "రేపు నీకు పెళ్లవుతుంది. ఏదైనా జరిగితే బాధ్యత ఎవరిది?" అన్నాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పాడు కనుక అది పుకారులా వినిపించలేదు. ఎండాకాలంలో మగవాళ్లు బనియన్లతో పైకి ఎక్కి పనిచేసేవారు. సన్యాల్ గారికి ముగ్గురు పిల్లలు. తపన్‌కు మొన్ననే కవలలు పుట్టారు. కిరణాలు మనిషిని తాకబోయే ముందు ఆడో మగో విచారించుకుంటాయన్న సిద్ధాంతం ఆమె చదివిన ఏ పుస్తకంలోనూ లేదు. చేరిన రోజున ఆ మాట పైకి అనలేదు. కొత్త ఉద్యోగం.

ఆమె గది ఒక అంతస్తు కింద, కిటికీ లేని మూల. మేడమీదినుంచి ఒక తీగ గోడలోంచి దిగి ఆమె బల్ల మీది పరికరానికి చేరుతుంది. పైన యాంటెనాను ఒక్కొక్క డిగ్రీ తిప్పుతూ ఫోనులో కోణం చెబుతారు. ఇక్కడ ముల్లు ఎక్కడ నిలిచిందో ఆమె రాసుకుంటుంది. చుట్టూ తిరిగి వచ్చేసరికి మూడువందల అరవై అంకెలు. రక్షణ కోసం పెట్టిన రిజిస్టరు రాయడం కూడా ఆమె పనే: తేదీ, ఎర్రదీపం వెలిగిన వేళ, ఆరిన వేళ, ఆ సమయంలో పైన ఉన్నవారి పేర్లు. నాలుగింటికి అందరికీ టీ. లోడ్ షెడ్డింగ్‌తో కరెంటు పోతే పని ఆగుతుంది, మళ్లీ టీ. ఒకసారి కింద కూర్చునే, ఉత్త అంకెలను బట్టి, మధ్యాహ్నపు వేడికి పైన ప్రసారయంత్రం పౌనఃపున్యం జారిపోతోందని ఆమె పట్టుకుంది. తపన్ నవ్వాడు, వెళ్లి చూశాడు, దాని మీద పత్రం రాశాడు. పత్రం చివర అప్పాయమ్మకు కృతజ్ఞతలు ఉన్నాయి, చక్కని దస్తూరీకి. పైకి పంపమని మళ్లీ అడిగితే, "నువ్వు పైకెళ్తే కింద రాసేదెవరు?" అన్నాడు సన్యాల్ గారు. రిజిస్టర్లకు సాఫు ప్రతి ఎత్తే పని ఆఫీసులో తెమలక ఆదివారాలు ఇంటికి తెచ్చుకునేది. సాఫు ప్రతులు ఆఫీసుకు పోగా మిగిలిన ఆరు సంవత్సరాల చిత్తు రిజిస్టర్లు ఇప్పుడు ఆమె ట్రంకుపెట్టెలో చీరల కింద ఉన్నాయి.

ఇవేవీ ఆమె తండ్రికి తెలియవు. గవరయ్య పదిహేనో ఏట శ్రీకాకుళం వైపునుంచి వచ్చి గార్డెన్ రీచ్ రేవులో బస్తాలు మోసినవాడు. రేవు పక్కన వాట్‌గంజ్ టీకొట్టు దగ్గర ఆయన కూర్చుంటే చుట్టూ పదిమంది మనవాళ్లు చేరతారు. "నా గుంట మీట నొక్కిందంటే గంగ మీద ఏ ఓడ ఏడుందో తెలిసిపోద్ది" అంటాడు కూతురి గురించి. మొదటిసారి విన్నప్పుడు అప్పాయమ్మ నవ్వి ఊరుకుంది. రెండోసారి ఆయన చుట్టూ జనం ఉన్నారు. తర్వాత సరిదిద్దే వేళ దాటిపోయింది. నిజానికి హావ్‌డాలో బస్సెక్కి, ఏదో ఊరేగింపు అడ్డంపడి వంతెన మీద గంటసేపు నిలిచిపోయినప్పుడు, ఆమె కూడా ఆ మీట నొక్కుతున్నట్టు ఊహించుకునేది.

గవరయ్య పదింటికి కాగితంలో చుట్టిన పులస ముక్కలతో వచ్చాడు. అప్పాయమ్మ అవి కడిగి పసుపు రాస్తుండగా ముందుగదిలో మాటలు మొదలయ్యాయి. చేతులు తుడుచుకుని వచ్చి గుమ్మంలో నిలబడింది.

"మావయ్యా, మీరైనా చెప్పండి. నా మాట వినడం లేదు" అన్నాడు సత్యారావు.

"నాకేటి తెలుసు బాబూ, సదువుకున్నోల్లు మీరు." గవరయ్య తువ్వాలు మడతలు పెట్టాడు. తర్వాత కూతురి వైపు చూశాడు. "అమ్మా, ఒగ్గియ్. ఆరేళ్లు రాడారు తిప్పినావు, సాల్దేటి? మన వాట్‌గంజ్‌లో ఏ కొడుకు తిప్పినాడు? ఆ పేరు నాకుండిపోద్ది. పేణాల కంటే ఎక్కువేటమ్మా ఆ ఉజ్జోగం?"

"అదీ మాటంటే, అన్నయ్యా" అంది నారాయణమ్మ. "నాను సెప్తే గయ్యాళినైపోనాను."

సత్యారావు కాగితాన్ని బల్ల మీద పరిచి, కలం మూత తీసి పక్కన పెట్టాడు.

పైకి తానెప్పుడూ ఎక్కలేదన్న ఒక్క మాటతో అప్పాయమ్మ ఈ పుకారును కూల్చవచ్చు, కానీ కూలేది వాట్‌గంజ్ టీకొట్టు మీద, ఆ పదిమంది మధ్య కూర్చున్న ముసలాయన మీద. కూల్చినా ఉద్యోగం మిగలదు. అంకెలు రాసుకోవడానికా ఇన్నాళ్లూ రెండు గంటలు వెళ్లి రెండు గంటలు రావడం, ఇంట్లో అమ్మ ఒంటరిగా అవస్థ పడడం అని సత్యారావు అడుగుతాడు. ఆ గొంతు ఎలా ఉంటుందో కూడా ఆమెకు ఇప్పుడే వినిపిస్తోంది. మేడమీదికి వెళ్తే చెడిపోతావన్నారు అక్కడ. వెళ్లి చెడిపోయావంటున్నారు ఇక్కడ. ఈ రెండు మాటల నడుమ ఆమె ఎటు నడిచినా చేరేది ఆ సంతకం దగ్గరికే. సరే, చేరుతుంది. కానీ ఆ రెండు ప్రాణాలనూ తన చేత్తో తీసుకెళ్లి కిరణాలకు ఒప్పజెప్పిందని ఒప్పుకుంటూ మాత్రం చేరదు. తనవాటిలో ఆమె ఇవ్వలేనిది అదొక్కటే మిగిలింది.

లోపలికి వెళ్లి చీరలు పక్కకు నెట్టి, ఆరు రిజిస్టర్లూ తెచ్చి రాజీనామా కాగితం మీద పెట్టింది.

"ఏమిటివి?" అన్నాడు సత్యారావు. రిజిస్టర్లు చదవడం ఆయన వృత్తి. వేలు తడుపుకుని పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు. మొదటిది గబగబా తిప్పాడు. రెండోది నెమ్మదిగా. మూడోదాని మధ్యలో వేలు ఆగిపోయింది.

"ఇందులో నీ పేరేది?"

"ఏటి బాబూ, ఏటి రాసుంది?" గవరయ్య ముందుకు వంగాడు. ఆయనకు ఏ లిపీ రాదు గానీ ఆ దస్తూరీ తెలుసు. "ఇది మా గుంట రాత గదా?"

"నా రాతే, నాన్నా."

ఎర్రదీపం వెలిగిన రోజులు ఆ ఆరేళ్లలో వెయ్యి నూట పన్నెండు. పైన ఉన్నవారు అన్న గడిలో ఎక్కువగా సన్యాల్ పేరుంది, తపన్ పేరుంది, యాంటెనా మీద వాలే కాకులను తోలడానికి వారానికోసారి పైకెక్కిన గేటు దగ్గరి దర్వాన్ పేరు కూడా ఉంది. అప్పాయమ్మ పేరు ఒక్కరోజున కూడా లేదు.