పొదుగు పాటి విలువ

దూడకి జున్నుపాలు తాగిస్తుండగా ఫోన్ మోగింది. రొమ్ము పరీక్షలు చేసే ఆసుపత్రి నుంచి. "మీ ఎక్స్‌రేలో ఒకచోట అనుమానంగా ఉంది నొలీన్. గురువారం రాగలరా?"

"గురువారమా? సగం మంద ఈనబోతోంది!" సంగతి చెప్పగానే షెడ్డులోంచి అరిచాడు నా భర్త రస్.

నిజానికి మొదట చూసిన డాక్టరు ఏమీ లేదనే రాశాడట. అలాంటి ఎక్స్‌రేలు లక్షలు చూపించి తర్ఫీదిచ్చిన కంప్యూటరు మాత్రం ఎడమ రొమ్ములో ఒక మచ్చ చుట్టూ గీత గీసింది. అది చూసి ఇలీన్ అనే మరో డాక్టరు నన్ను పిలిపించింది.

భోజనాల దగ్గర మా అత్తగారు ఎల్వా నవ్వింది. "డాక్టరు లేదన్నది కంప్యూటరు ఉందంటుందా? రేపు నీ వంట బాగాలేదని కూడా అంటుంది."

"ఈతలు అయిపోనీ, అప్పుడు వెళ్దువుగాని," అన్నాడు రస్ మాంసం కోసుకుంటూ.

మెల్‌బోర్న్‌కి దూరంగా గిప్స్‌లాండ్‌లోని ఈ ఆవుల పొలానికి కోడలిగా వచ్చినప్పటి నుంచీ పొద్దున్నే లేచి పొదుగులు కడిగేది నేనే. ఏ పొదుగైనా కాస్త వేడిగా తగిలితే రస్‌కి చెప్పేదీ నేనే. ఆ పూటే పశువుల డాక్టరు వచ్చేస్తాడు. పోయినేడు నాకు చంకలో సలుపుగా ఉందంటే, "బరువులు మోస్తే సలపదా?" అని రస్ టీవీ వైపు తిరిగాడు. నేనూ మాత్ర వేసుకుని దూడల దగ్గరికి పోయాను. ఇప్పుడు అదంతా గుర్తొచ్చింది.

"రస్, ఆవు పొదుగులో గడ్డ కనబడితే ఈతలు అయ్యేదాకా ఆగుతావా?"

"ఆవుకీ నీకూ పోలికేంటమ్మాయ్?" అంది అత్తగారు.

"నేనూ అదే అడుగుతున్నాను."

గురువారం ఒక్కదాన్నే కారు నడుపుకుంటూ వెళ్లాను. "కంప్యూటరు ఒక్కోసారి ఊరికే భయపెడుతుంది. తేల్చుకుందాం," అని ఇలీన్ సూదితో చిన్న ముక్క తీసింది. తేలింది క్యాన్సరే, బఠాణీ గింజకన్నా చిన్నది. ముందే దొరికింది, నయమవుతుందంది. ఆపరేషన్ అయింది. తర్వాత రేడియేషన్‌కి మెల్‌బోర్న్‌లోని మా చెల్లి ఇంటికి బయల్దేరాను.

రస్ గుమ్మం దాకా వచ్చాడు. "ఇంటికి ఎప్పుడు రావచ్చంది డాక్టరు?"

"చికిత్స ఎప్పుడు అయిపోతుందో ఆవిడ చెప్పింది. ఎప్పుడొస్తానో చెప్పాల్సింది నేను. ఇంకా అనుకోలేదు."