మిరప మీద మిరప

హయాత్ ప్లీడరుకి గుంటూరులో ఒక పేరుంది, కాగితాల కంటే ముందు చేను చూస్తాడని. భూమి దావా ఏది వచ్చినా చెప్పులు చేత పట్టుకుని గట్ల వెంట తిరిగి, మట్టి నలిపి చూసి, ఆ తర్వాతే కలం తీసేవాడు. తోటి ప్లీడర్లు ఇరవై ఏళ్లుగా దాన్ని చాదస్తమంటున్నారు. ఆయన గెలిచిన రోజున మాత్రం నోరు మెదపరు.

1962లో గురవమ్మ వచ్చినప్పుడు ఆయన చేను సంగతి అడగలేదు. అవతలివాడి పేరే రెండుసార్లు చెప్పించుకున్నాడు.

"పర్చూరు బుల్లయ్యండీ," అందామె. "మా ఆయన యలమందయ్య పోయి నాలుగేళ్లు. ఆ ఏడే మా చేలో నాగలి పెట్టాడు. ఇప్పుడేమో పన్నెండేళ్ల పైనుంచీ తనే చేసుకుంటున్నానంటున్నాడు."

పన్నెండేళ్లు అడ్డూ ఆపూ లేకుండా అనుభవించానని రుజువు చేస్తే ఆ మూడెకరాలూ బుల్లయ్యవే. ఆమెకి ఇంకో కుంచెడు నేల లేదు.

హయాత్‌కి మాత్రం ఒక్కసారిగా తండ్రి కళ్ల ముందు నిలిచాడు. అల్లాబక్షు ఊరూరా దూది ఏకి, పరుపులు కుట్టి, ఇరవై ఏళ్లు కడుపు కట్టుకుని రెండెకరాలు కొన్నాడు. ముప్పై ఏళ్ల కిందట ఈ బుల్లయ్యే దాన్ని కాజేశాడు. బోనెక్కి, "దూది ఏకేవాడికి సేద్యమేం తెలుసండీ? ఆ చేను మొదట్నుంచీ దున్నింది నేనే" అన్నాడు. కోర్టంతా నవ్వింది. తండ్రి పక్కన నిలబడ్డ పద్నాలుగేళ్ల హయాత్ ఆ నవ్వు విన్నాడు. చేను పోయింది. అల్లాబక్షు చచ్చేదాకా ఆ దారి తొక్కలేదు, చుట్టూ తిరిగి వెళ్లేవాడు. హయాత్ ప్లీడరీ చదివింది ఆ నవ్వు కోసమే. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు, తనలో దాచుకోనూ లేదు. బుల్లయ్య పేరు వినపడితే చాలు, పళ్లు కొరికేవాడు.

"బుల్లయ్యకీ మీ ఆయనకీ ముందునుంచీ పడదా?"

"పడదండీ. మా ఆయన ఆశకొద్దీ ఏటా మిరప మీద మిరపే వేశాడు. చేనికి ఎండు తెగులు పట్టింది. బుల్లయ్య గట్టు మీద నిలబడి, 'ఒరేయ్ యలమందా, నీకు సేద్యం రాదురా' అని ఎగతాళి చేసేవాడు."

హయాత్ కలం కింద పెట్టాడు. ఆ సాయంత్రమే పర్చూరు బస్సెక్కాడు.

విచారణ నాడు బోనెక్కిన బుల్లయ్య తలపాగా తెల్లగా మెరుస్తోంది. తన ప్లీడరు నేర్పిన పాఠం తడుముకోకుండా ఒప్పజెప్పాడు: పన్నెండేళ్లూ తనే, ఏటా మిరపే.

హయాత్ మెల్లగా లేచాడు. "ఏటా మిరపేనా? మధ్యలో జొన్నో పత్తో వేయలేదా?"

"ఏటా మిరపేనండీ."

"మిరప మీద మిరప వేస్తే చేను చస్తుందని మీ ఊళ్లో పాలేరుకి కూడా తెలుసు కదండీ. పాపం, మీకు ఎవరూ చెప్పలేదా?"

వెనక బెంచీల మీద రైతులు ఫక్కున నవ్వారు. బుల్లయ్య ముఖం కందగడ్డయింది.

"ఎవరికయ్యా సేద్యం రానిది? మిరప మీద మిరప వేసి ఆ చేను చంపింది ఆ యలమందగాడు! నా చేతికొచ్చాక జొన్న వేసి, ఎరువుకి గొర్రెల మంద కట్టించి, రెండేళ్లు కష్టపడితే గానీ మొక్క నిలవలేదు!"

"మీ చేతికి ఎప్పుడొచ్చింది?"

"వాడు పోయిన ఏడే!"

అవతలి ప్లీడరు తల పట్టుకున్నాడు. జడ్జిగారు ఆ మాట మళ్లీ అడిగి మరీ రాసుకున్నారు.

ఇంకొక్క ప్రశ్న హయాత్ నాలుక చివర ఉంది. అల్లాబక్షు చేను దున్నింది ఎవరు? అది అడగడానికే ముప్పై ఏళ్లు బతికాడు. కానీ నోరు జారిన సాక్షిని ఇంకా మాట్లాడిస్తే సర్దుకుంటాడు, గురవమ్మ చేను చేజారుతుంది. ఆ ప్రశ్నను మింగి కూర్చున్నాడు.

వారం తర్వాత తీర్పు వచ్చింది. చేను గురవమ్మదే. వరండాలో బుల్లయ్య ఆయన్ని ఆపాడు.

"సేద్యం ఇంత తెలిసిన ప్లీడర్ని చూళ్లేదండీ. మీది ఏ ఊరు?"

"పర్చూరే. దూది ఏకే అల్లాబక్షు కొడుకుని."

బుల్లయ్య తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు.

"మీ నాన్న నాకంటే మంచి రైతు బాబూ. ఆయన పైరు చూసి ఓర్చుకోలేకే ఆ పని చేశాను."

ఈ మాట వింటే గుండె చల్లబడుతుందని హయాత్ ఇన్నేళ్లూ అనుకున్నాడు. చల్లబడలేదు. ఇంకా మండింది. వినాల్సినవాడు మట్టిలో ఉన్నాడు, రాసుకునే గుమాస్తా లోపల ఉన్నాడు.

"బోనులో చెప్పాల్సిన మాట వరండాలో చెబుతున్నారు," అన్నాడు. "అప్పీలు వేసుకోండి బుల్లయ్యగారూ. తప్పకుండా వేసుకోండి. అక్కడికీ నేనే వస్తాను."