ఎర్రమన్ను అలికిన బడి

బడి గోడకు నల్లరాతి పలక బిగిస్తున్నారు. సిద్ధమ్మ దగ్గరికెళ్లి చదివింది. పేదల కోసం ఈ బడి కట్టించిన మహాదాత అని బంగారు అక్షరాలు, కింద చచ్చిన దొర పేరు. ముసలామె అక్కడే తుపుక్కున ఉమ్మేసింది.

మహాదాతట! థూ! నంగునూరు అవతలి ఈ చిన్న ఊళ్లో ఒంటిగది బడి కట్టింది గీతకార్మికులూ కూలీలూ. పగలంతా దొరకు వెట్టి చేసి, పొద్దుగూకాక మన్ను తొక్కి గోడలు లేపారు. దూలానికి తాటిచెట్టు కొట్టినందుకు సిద్ధమ్మ బాపు రాజమల్లయ్యను గడీలో కట్టేసి కొట్టించాడు దొర. ఆ దెబ్బలతో మంచం పట్టిన మనిషి మళ్లీ లేవలేదు. ఆ దూలం కిందే ఆమె ఓనమాలు దిద్దింది. పిల్లలు తక్కువని సర్కారు బడి మూసేస్తే, దొర మనవడు కాంట్రాక్టరు శైలేందర్‌రావు మొన్నటిదాకా అందులో సిమెంటు బస్తాలు దాచుకున్నాడు. ఇప్పుడు సర్కారు సొమ్ముతో రంగులేయించి, ఊరి చరిత్ర కాపాడుతున్నానని చెప్పుకు తిరుగుతున్నాడు. సిగ్గూ ఎగ్గూ ఉంటేగా! తెల్లారితే ప్రారంభం.

సాయంత్రం పనులు చూసుకోడానికి వచ్చిన అతన్ని ఊరంతా చుట్టుముట్టింది. సిద్దిపేటలో డిగ్రీ చదివే నవనీత ముందుకొచ్చింది.

"సార్, బడి కట్టింది మా తాతలు. గా పలక తీసెయ్యున్రి."

శైలేందర్‌రావు పళ్లికిలించాడు. "మీ తాతలా? మరి దొర బడి, దొర బడి అని ఊరంత ఎందుకంటున్నరు? మీ నోటితోనే అంటరు గద!"

నిజమే, పొద్దున కూడా, బడి పనిలో కూలికి కుదిరిన సాంబయ్య అందరినీ దొర బడి కాడికే రమ్మన్నాడు. అతను తల దించుకున్నాడు. శైలేందర్‌రావు నవ్వుకుంటూ కారెక్కి వెళ్లిపోయాడు.

"గా పేరు పెట్టింది మా బాపోల్లే," అంది సిద్ధమ్మ. "దొర మనుషులు గడ్డపారలు వట్టుకొని కూలగొట్టనీకి వస్తే, అయ్యా ఇది మీ బడే, మీ పేరే పెట్టినమని కాళ్లు మొక్కిన్రు. బడి బతకాలని అబద్ధమాడిన్రు. దొర సచ్చినా మనం గా అబద్ధం ఇడువలే."

"ఇప్పుడేం జేస్తం అక్కా? పోలీసులు వానోల్లే," అన్నాడు సాంబయ్య.

"ఏటేట బడి తెరిచే ముందు ఆడోల్లం ఏం జేస్తుంటిమి?"

"ఎర్రమన్నుతోని గోడలు అలుకుతుంటిమి," అన్నారు ఆడవాళ్లు.

"మరింకేంది?"

మర్నాడు షామియానా, మైకు, పోలీసులు. శైలేందర్‌రావు కత్తెర అందుకునేసరికి ఎర్రమన్ను తట్టలు నెత్తినెత్తుకుని ఆడవాళ్లు వచ్చేశారు.

"ఏందే గిది?" అని గద్దించాడతను.

"బడి తెరుస్తున్నవు గద, అలుకొద్దా?" అంటూ సిద్ధమ్మ తడిమన్ను తీసి పలక మీద కొట్టింది. అరచేత్తో బంగారు అక్షరాలన్నీ అలికేసింది. వెనకే నవనీత చెయ్యి, ఆ వెనక ఊరి ఆడవాళ్లందరి చేతులు. ఎస్సై సిద్ధమ్మ రెక్క పట్టి లాక్కెళ్లి జీపులో పడేశాడు.

శైలేందర్‌రావు మొహం జేవురించింది. నీళ్ల పైపు పట్టుకుని నిలబడ్డ సాంబయ్య మీద అరిచాడు. "ఏం జూస్తున్నవ్ రా? దొర బడి గోడ కడుగు!"

సాంబయ్య పైపు కింద పడేశాడు. "దొర బడి యాడుంది సార్? ఈడున్నది మా బడి."

జనం గొల్లున నవ్వారు. జీపులోంచి సిద్ధమ్మ మన్ను చెయ్యి బయటికి ఊపి అరిచింది. "ఓ నవనీతా! ఒక్క పూత ఆగదే, ఇంకో పూత పెట్టున్రి!"

ఖాళీ తట్టలు పట్టుకుని ఆడవాళ్లు మళ్లీ మన్నుకు కదిలారు. ఈసారి మగవాళ్లు కూడా వెంట నడిచారు.