అత్తయ్య పెట్టిన ముద్ద

"రొట్టెలు చల్లారిపోయాయేమిటే? దారిలో ఎవరితో కబుర్లు పెట్టుకున్నావ్?" మా అత్తయ్య రోజూ పొద్దున అనే మాట ఇది. అడిస్ అబాబా ఊరంతటా ఉన్న బేకరీలన్నీ ఒకెత్తు, మా గులెలే పేట బేకరీ ఒకెత్తు. తెల్లారకుండానే అక్కడ వరసలో నిలబడి ఇంటిల్లిపాదికీ రొట్టెలు తెచ్చేది నేను. వాటిలో ఒక్క తునక కూడా నేను తినకూడదు.

గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ నాకు పడదనీ, పేగు లోపలంతా పుండైపోయిందనీ డాక్టరమ్మ చెప్పి ఏడాదైంది. తెఫ్ అనే మా చిరుగింజల్లో అది ఉండదు, ఉత్త తెఫ్ పిండితో ఇంజెరా అనే మా పులిసిన అట్టు పోసుకుంటే నాకు చాలు. అందుకే చిన్న కుండలో విడిగా పిండి పులియబెట్టుకున్నాను. వారం తిరక్కుండా అత్తయ్య అందులో ఇంటి పిండి మీద తేరిన పులుపునీళ్ళు పోసేసింది. ఆ పిండిలో బార్లీ కలుస్తుంది. "ఒకే ఇంట్లో రెండు పిండికుండలా? వేరు కాపురం పెట్టావా ఏంటి?" అంది. మా ఆయన గిర్మా తలెత్తకుండా తింటూ, "పెద్దావిడతో ఎందుకు పెట్టుకుంటావ్, సర్దుకుపో" అన్నాడు. సర్దుకుపోయాను. నాలుగు రోజులు పెరట్లోకి పరిగెడుతూ, మధ్యమధ్యలో వచ్చి అందరికీ ఇంజెరా పోస్తూ సర్దుకుపోయాను. పాపం, ఆయనకి అర్థం కాలేదేమో అనుకుని, బళ్ళో నా క్లాసు పిల్లలకి పాఠం చెప్పినట్టు పేగు బొమ్మ గీసి మరీ చెప్పాను.

నిన్న ఆదివారం చర్చి నుంచి తిన్నగా బేకరీకే వెళ్ళాం. గిర్మాకి ఆఫీసులో పై పదవి వచ్చింది, కేకు కోయాలి. చర్చికి కప్పుకున్న శాలువాలు అందరూ తీసి నా ఒళ్ళో పడేశారు. నిజం చెప్పొద్దూ, ఆ వెన్న వాసనకి నాకిప్పటికీ నోరూరుతుంది. పెళ్ళికి ముందు గిర్మా నాకు మొదటి ముద్ద తినిపించింది ఈ బేకరీలోనే. మాలో ప్రేమ ఉంటే చేత్తో నోట్లో పెడతారు. వద్దంటే, పెట్టినవాళ్ళ మొహాన కొట్టినట్టే.

అత్తయ్య కేకు ముక్క పట్టుకుని నా మీదికి వంగింది. "నోరు తెరువు బెలైనెష్! నా కొడుకు పైకొచ్చాడు."

"నాకు పడదు అత్తయ్యా. మీకు తెలుసుగా."

"ఒక్క ముద్దకి చచ్చిపోతావా? మేం తినడం లేదూ!"

పక్క బల్లల వాళ్ళు కాఫీలు ఆపి చూస్తున్నారు. గిర్మా నా చెవి దగ్గరికి వంగాడు. "నలుగురిలో పరువు తియ్యకు. మింగెయ్. కావాలంటే రేపు సెలవు పెట్టుకో."

రేపు సెలవు పెట్టుకో! అంటే తెలుసన్నమాట. తింటే రేపు నేను లేవలేనని ఈ మనిషికి శుభ్రంగా తెలుసు. ఏడాదిగా అర్థం కాలేదనుకున్నది నేనే. కోపం కూడా రాలేదు.

అత్తయ్య మణికట్టు మెల్లిగా పట్టుకుని, ఆ చేతిని గిర్మా నోటి దగ్గరికి తిప్పాను. "పండగ మీ అబ్బాయిది కదా అత్తయ్యా, ఆయనకే పెట్టండి." అందరూ చూస్తున్నారు. తల్లి పెట్టే ముద్ద, కాదనలేడు. నోరు తెరిచాడు.

ఆయన నోరు నిండుగా ఉండగానే శాలువాలన్నీ ఆయన ఒళ్ళో పెట్టి లేచాను.

"రేపు నేను బడికి వెళ్తున్నాను. పొద్దున రొట్టెల వరసలో నువ్వు నిలబడు."