షఫీ పేరున్న ప్యాచ్

చర్చిలో ఆదివారం ఆరాధన ముగియగానే శ్యాంసుందర్ నంద్యాల బస్టాండుకు వచ్చి ఆళ్లగడ్డ బస్సెక్కాడు. పది నెలలుగా వారం వారం ఎక్కుతున్న బస్సే. దారిలో దిగి వెనక్కి పోదామా అని ఏ ఆదివారమూ అనిపించలేదు. ఈ రోజు అనిపించింది.

ఆళ్లగడ్డలో ఖాజా పీర్‌ది చిన్న కొలిమి. విగ్రహాలు చెక్కేవాళ్ల ఉలులు మొద్దుబారితే పదునుకు ఆయన దగ్గరికే వస్తాయి. ఆయన కొడుకు షఫీ, శ్యాంసుందర్ ఇంజనీరింగులో ఒకే బెంచీ, ఆ తర్వాత నంద్యాలలో ఒకే అద్దె గది. పోయిన ఏడాది కామెర్లు ముదిరి తొమ్మిది రోజుల్లో పోయాడు షఫీ. ఇరవై ఎనిమిదేళ్లవాడు. ఎందుకిలా అని ఎవరిని అడుగుతాం?

పోతూ పోతూ ఒక పని సగంలో వదిలేశాడు. కంప్యూటర్‌ను లోపల్నుంచి నడిపించేదాన్ని కెర్నల్ అంటారు. అది ఒక పెద్ద ఫైలును తీసుకుని, ఇదే విడిగా ఒక డిస్కు అని నమ్మించగలదు. నమ్మిస్తుంది గానీ అంతా నత్తనడక. లోపలి డిస్కులో రాసిన ప్రతి ముక్కనూ మెమరీలో రెండుసార్లు దాచిపెడుతుంది, ఆ డిస్కు కోసం ఒకసారి, దాన్ని మోసే ఫైలు కోసం ఇంకోసారి. ఒక్కసారి చాలదా దీని మొహానికి అని తిట్టుకుంటూ షఫీ దాన్ని దిద్దడం మొదలుపెట్టాడు.

మిగతాది శ్యాంసుందర్ పూర్తి చేశాడు. వేగం రెండున్నర రెట్లయింది. కెర్నల్‌కు ఎవరైనా రాసి పంపగల ఇలాంటి సవరణను ప్యాచ్ అంటారు. దాని అడుగున చేసినవాడి పేరు రాయడం ఆ లోకపు ఆచారం. కెర్నల్ ఉన్నన్నాళ్లూ ఆ పేరు దాని చరిత్రలో ఉంటుంది. శ్యాంసుందర్ మొదట షఫీ పేరు, దాని కింద తన పేరు రాసి పంపాడు. కెర్నల్‌ను చూసుకునే పెద్దలు బాగుందన్నారు, వచ్చే విడుదలలో కలుపుతామన్నారు. అది విన్న రోజు ఖాజా పీర్ కొలిమి ఆర్పేసి శిల్పుల షెడ్లన్నీ తిరిగాడు. "మావాని పేరు దునియా అంతా కంప్యూటర్లలో ఉంటాదంట" అని కనపడినవాళ్లందరికీ చెప్పాడు. గొప్పలు చెప్పుకోవడం బొత్తిగా తెలియని మనిషి.

మొన్న మంగళవారం నంద్యాలలో కరెంటు పోయింది. అది తిరిగి వచ్చాక శ్యాంసుందర్ పరీక్షకు పెట్టిన కంప్యూటర్‌ను ఊరికే తెరిచి చూశాడు. 'రాశాను' అని జవాబిచ్చిన వెయ్యి రికార్డుల్లో చివరి నలభై లేవు. ఈసారి తనే ప్లగ్గు పీకాడు. పదిసార్లు పీకితే ఏడుసార్లు రికార్డులు పోయాయి. ఇది శాశ్వతంగా రాసిపెట్టు అని అడిగితే, అసలు డిస్కుకు చేరకముందే షఫీ ప్రోగ్రాం రాశానని చెప్పేస్తోంది. వేగమంతా ఆ అబద్ధంలోనే ఉంది. చేరేదాకా ఆగి చెప్పేట్టు దిద్దితే మళ్లీ పాత నత్తనడకే. ఇక అందులో కలపడానికి ఏమీ మిగల్లేదు.

మూడు రోజులు నోరు మూసుకున్నాడు. ఎవరూ కనిపెట్టలేదు, కనిపెట్టేసరికి ఏళ్లు పట్టవచ్చు, అప్పటికి షఫీ పేరు చేరిపోయి ఉంటుంది. కానీ ఈలోగా కరెంటు పోయిన ఏ ఊళ్లోనో ఎవరి ఆసుపత్రి కాగితాలో, ఎవరి మార్కులో మాయమవుతాయి. శుక్రవారం పొద్దున పెద్దలకు మెయిల్ రాశాడు, ఇందులో తప్పుంది, దయచేసి కలపొద్దని. పంపాక మంచమ్మీద బోర్లా పడి ఏడ్చాడు. స్నేహితుణ్ణి రెండోసారి పూడ్చిపెట్టినట్టుంది.

"రా అప్పా, ఈ తూరి లేటైందే?" అన్నాడు ఖాజా పీర్ ఉలిని నీళ్లలో ముంచుతూ.

"చిచ్చా, నీకొక మాట చెప్పాల."

కరెంటు పోవడం, తప్పు బయటపడడం, మెయిల్ పంపడం, అన్నీ వరసగా చెప్పాడు. ఖాజా పీర్ పట్టకారు పక్కన పెట్టి విన్నాడు.

"అయితే వాని పేరు ఉండదా?"

"ఉండదు చిచ్చా."

"నువ్వు చెప్పకుంటే?"

"ఉండేది."

ఆయన నిప్పుల వైపు తిరిగాడు. "ఊళ్లో అందరికీ చెప్పుకుంటినే" అన్నాడు మెల్లగా. ఆ మాటకు శ్యాంసుందర్ తల ఎత్తలేకపోయాడు.

"తప్పు ఎవురిది? మావానిదేనా?"

నాదే అని చెప్పాలని బస్సులో అనుకున్నాడు. తీరా నోరు తెరిస్తే ఆ మాట రాలేదు. "రాసింది వాడే. నేనూ చూసుకోలేదు. వాడే ఉంటే నా మాదిరి మూడు దినాలు ఆగేటోడు కాదు చిచ్చా, ఆ పొద్దే చెప్పేటోడు."

ఇంట్లోంచి షఫీ తల్లి మాబూబీ టీ తెచ్చి, ఇద్దరి మొహాలూ చూసి, గ్లాసులు పెట్టి పోయింది.

"వారం వారం వస్తాంటివి" అన్నాడు ఖాజా పీర్. "వాని పని యాడిదాకా వచ్చిందో చెప్తాంటివి. అది ఇంటాంటే, వాడు నంద్యాలలో పనిలో ఉండాడు, తీరిక లేక రాలేదు, అంతే అనుకుంటాంటి." టీ గ్లాసు తీసుకుని, తాగకుండానే మళ్లీ కింద పెట్టాడు. "వాడు సగం చేసి పెట్టిన పని ఇంకోటి ఏదన్నా ఉందా అప్పా?"

ఈ పది నెలల్లో షఫీ లాప్‌టాప్‌ను శ్యాంసుందర్ ఎన్నిసార్లు వెతికాడో లెక్కలేదు. అందులో ఇంకేమీ లేదు. ఉంది అంటే పోయేదేముంది? ఇంకో ఏడాది ఆదివారాలు గడుస్తాయి. ఆయన కళ్లలోకి చూసి ఆ మాట అనలేకపోయాడు.

"లేదు చిచ్చా."

ఖాజా పీర్ తల ఊపాడు. "అయితే మావాడు పోయినాడు" అన్నాడు. ఆ మాట ఆయన నోట శ్యాంసుందర్ వినడం అదే మొదటిసారి.